సరిగ్గా డెబ్బై ఎనిమిది చుట్లు

మా సర్దుబాటు బావ నాకు రెండుసార్లు అన్యాయం చేశాడు. మొదటిసారి నాకు చెప్పకుండా నా రికార్డులు ఇచ్చేశాడు. రెండోసారి నాకు చెప్పకుండా వాటిని తిరిగి తెచ్చాడు. రెండింట్లో రెండోదే పెద్ద అన్యాయం. నమ్మకపోతే చదివి మీరే తేల్చండి.

బావంటే మా అక్క మొగుడు. ఎవరింట్లో ఏ తగువొచ్చినా మధ్యలో దూరి "సర్దుకుపోవాలి" అంటాడు కాబట్టి ఆయనకా పేరు. సర్దుకునేది ఎప్పుడూ అవతలివాళ్ళే. ఆయన ఇంతవరకూ సర్దుకోగా చూసినవాళ్ళు లేరు.

నేను గడియారాలు బాగుచేస్తాను. ఏడో తరగతి మధ్యలో బడి మాన్పించి మామయ్య కొట్లో కూర్చోబెట్టారు. నలభై ఏడేళ్ళొచ్చాయి, ఆ కుర్చీలోంచి లేవలేదు. కింద కొట్టు, పైన ఒక గది. ఆ గదిలో కీ ఇచ్చి తిప్పే పాత గ్రామఫోను, చెక్కపెట్టెలో నలభై ఒక్క రికార్డులు. ఊరు మారిపోతూ ఒక ముసలి ఖాతాదారు, మోయలేక నా దగ్గర వదిలిపోయిన పెట్టె అది.

అన్నీ ఆపెరా టెనర్లవి. ఆపెరా అంటే మాటలన్నీ పాడుతూ ఆడే దొరల నాటకం. టెనరంటే మగగొంతుల్లో అన్నిటికన్నా పైన తిరిగే గొంతు. వందేళ్ళ కిందట, మైకులు పుట్టని రోజుల్లో, గొంతుని పట్టడానికి గోడలోంచి పొడుచుకొచ్చిన రేకు గరాటుకి ఎదురుగా నిలబడి పాడినవాళ్ళు. గట్టిగా ఎత్తుకునే చోట గరాటు అదిరిపోకుండా, పక్కన ఒకడు నిలబడి వాళ్ళను భుజం పట్టి వెనక్కి లాగేవాడట. శ్రద్ధగా వింటే ఆ లాగడం కూడా తెలుస్తుంది. గొంతు పెద్దదవుతూనే దూరమవుతుంది.

వాళ్ళ భాష నాకు రాదు. లేబుళ్ళ మీద పేర్లు చదవలేను. అందుకని నేనే పేర్లు పెట్టుకున్నాను. ఒకాయన ఏడుపాయన. ఒకాయన వెన్నముద్ద. ఇంకొకాయన ప్రతి వరుస చివరా పై స్వరం ఎక్కి కూర్చుని, చుట్టపుచూపుగా వచ్చిన మేనత్తలా ఎంతకీ కదలడు. ఆయన జిడ్డాయన. అందరిలోకీ గొప్పవాడు పెళ్ళికొడుకు. ఆయనది పెద్ద సైజు రికార్డు. ఒక పక్కే పాట, రెండో పక్క అద్దంలా నున్నగా ఉంటుంది. కిటికీ కింద నిలబడి ఒకడు ప్రియురాల్ని పిలిచే పాటని పెట్టె ఇచ్చినాయన చెప్పాడు. పాతికేళ్ళు కూడా నిండని లేత గొంతు. ఉడుకురక్తం. స్వరాల మీద గంతులేస్తూ పోతాడు.

ఇరవై రెండేళ్ళు, ఒక్క వారం తప్పకుండా, ప్రతి ఆదివారం పొద్దున వెదురు ముల్లు కొత్తగా చెక్కుకుని ఆ పాట ఒక్కసారి వినేవాణ్ణి. ఒక్కసారే. గాడి అరిగిపోతే మళ్ళీ పాడించడానికి ఆయన లేడు కదా.

వేగం విషయంలో నా అంత పట్టింపు ఎవరికీ ఉండదు. ఈ రికార్డులు నిమిషానికి డెబ్బై ఎనిమిది చుట్లు తిరగాలని అందరూ అంటారు. తిప్పేదెవరు? నేను రికార్డు పెట్టే పళ్ళెం అంచుకి కాగితం ముక్క అంటించి, స్టాప్‌వాచీ పట్టుకుని, ఒక పూటంతా లెక్కపెట్టి, వేగం మర తిప్పి తిప్పి సరిగ్గా డెబ్బై ఎనిమిది దగ్గర నిలబెట్టాను. ఎవరూ కదపకుండా ఆ మర మీద లక్క కూడా పోశాను.

ఇలా ఉండగా కడుపులో రాళ్ళు తీయించుకోవడానికి పన్నెండు రోజులు ఆస్పత్రిలో పడుకోవలసి వచ్చింది. ఇంటికొచ్చి చూస్తే పెట్టె ఉన్నచోట ఒక వాలుకుర్చీ ఉంది. గది సర్దడానికి వచ్చిన బావ, నా పెట్టెను పాత సామాన్ల కొట్లో ఇచ్చి ఆ కుర్చీ తెచ్చాడు.

"ఆ పెంకులు అటూ ఇటూ మోసి నీ నడుం పోతోంది. ఇందులో వాలి చూడు, ప్రాణం లేచొస్తుంది," అన్నాడు.

నా రికార్డులేవి బావా అంటే, సర్దుకుపోవాలి బావమరిదీ అన్నాడు. కుర్చీ నిజంగానే బాగుంది. అది ఇంకా ఒళ్ళు మండించింది.

కుట్లు ఆరకముందే పాత సామాన్ల కొట్టుకి వెళ్ళాను. పెట్టె వచ్చిన అరగంటకే పియానోలు శ్రుతి చేసే ఆవిడ కొనుక్కుపోయిందని కొట్టాయన చెప్పాడు. సంగీతం బడి వెనక సందు, మూడో అంతస్తు. కడుపు పట్టుకుని మెట్లెక్కుతుంటే రెండో అంతస్తు దగ్గరే నా పెళ్ళికొడుకు గొంతు వినిపించింది. కానీ ఏదో అయింది ఆయనకి. బరువుగా, నిదానంగా, జ్వరపడి లేచినవాడిలా పాడుతున్నాడు.

తలుపు తీసింది ఒక పెద్దావిడ. నా మెడలో వేలాడే భూతద్దం చూసి, మా ఇంట్లో గడియారాలు బాగానే నడుస్తున్నాయి అబ్బాయ్ అంది. నేను ఆగలేదు. లోపలికి నడిచేశాను.

గదినిండా పియానోలే. ఒకటి మూత మూసి ఉంది. ఇంకోటి పొట్ట చీరి పెట్టినట్టుంది. లోపల తీగలు, వరసగా ఉన్ని తొడుక్కున్న చిన్న చిన్న సుత్తులు. కిటికీ దగ్గర గ్రామఫోను, దాని పక్కన ఒక మనిషి. నలభై దాటి ఉంటాయి. జుట్టు పైకి ముడేసి అందులో పెన్సిలు గుచ్చింది. కళ్ళు మూసుకుని ఉంది.

"ఏవండీ, ఆపండి. కీ అయిపోయింది, ఈడుస్తోంది," అన్నాను.

ఆవిడ కళ్ళు తెరవలేదు. వేలొకటి పైకెత్తి ఆగమంది. బడిలో టీచరు తరవాత నాకు వేలెత్తి చూపించిన మనిషి ఆవిడే. పాట పూర్తయ్యాక ముల్లు పైకి తీసి, "ఈడవడం లేదు. దీని నడకే ఇది," అంది.

"దీని నడక గురించి నాకు చెప్తారా? ఇరవై రెండేళ్ళుగా వింటున్నాను. స్టాప్‌వాచీ పెట్టి లెక్కపెట్టాను. సరిగ్గా డెబ్బై ఎనిమిది చుట్లు."

"లెక్క సరిగ్గానే పెట్టి ఉంటారు. అందుకే తప్పొచ్చింది."

ఆ మాటకి నా కుట్లు ఊడతాయేమో అనిపించింది. ఆవిడ మాత్రం నీళ్ళు తాగినంత తాపీగా చెప్పుకుపోయింది. ఆ రోజుల్లో డెబ్బై ఎనిమిదన్న కట్టుబాటు లేదట. ఏ కంపెనీ వేగం ఆ కంపెనీది. ఒకడు డెబ్బై ఒకటి దగ్గర పాడిస్తే ఇంకొకడు ఎనభై రెండు దగ్గర పాడించేవాడు. అందరూ కలిసి ఒక లెక్కకి రావడం తరవాతి మాట. పాట అచ్చయిన స్వరాల పుస్తకం తెచ్చి, మొదటి స్వరం మీద వేలు పెట్టి, పియానో మీద అదే మెట్టు నొక్కింది. డెబ్బై ఎనిమిది దగ్గర తిప్పితే గొంతు దానికన్నా అర స్వరం పైకి పోతుందని వేసి చూపించింది.

కుర్రాడు, ఉడుకురక్తం మీద కావాలనే పైకి ఎత్తుకుని పాడాడేమో అన్నాను.

"అసలే నిచ్చెన చివరి మెట్టు మీదున్న మనిషి. ఇంకో మెట్టు తెచ్చుకుని మరీ ఎక్కుతాడా? వేగం ఎక్కువైతే ఎంత మంచి గొంతైనా మేకగొంతవుతుంది. మీరు కుర్రాడనుకున్నది ఈయన్నేనా? యాభైకి దగ్గరపడ్డ మనిషండీ."

చదువుకున్నవాళ్ళతో నాకు ఎప్పుడూ ఇదే గొడవ. మనం ఏళ్ళ తరబడి ప్రాణంగా చూసుకున్నదాన్ని ఒక పుస్తకం తెరిచి కాదనేస్తారు.

"మీరు పుస్తకం చూస్తారు. నాకు చెవులున్నాయి," అన్నాను.

"చెవులున్నవాళ్ళు స్టాప్‌వాచీ చూస్తూ కూర్చోరు," అంది.

పెద్దావిడ, అంటే ఆవిడ పెద్దమ్మ, నాకు మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టింది. లేకపోతే ఆ రోజు ఏమయ్యేదో.

చివరికి ఒప్పందం ఒకటి కుదిరింది. రికార్డులు నావేనని ఆవిడ ఒప్పుకుంది. పైసా తీసుకోకుండా ఇచ్చేస్తానంది. కానీ ఒక్కొక్కదానికీ అసలు వేగం ఏదో కనిపెట్టి, చీటీ మీద రాసి, రికార్డు తొడుగులో పెట్టాకే ఇస్తుంది. తనకి తీరిక గురువారం సాయంత్రం నాలుగింటికి. వారానికి ఒకటి. అంతకన్నా వింటే చెవి అలిసిపోయి అబద్ధాలు చెప్తుందట. పెళ్ళికొడుకు అన్నిటికన్నా ఆఖర్న. మిగతా నలభై విన్నాక మీ చెవి కుదురుకుంటుంది, అప్పుడు మీరే చెప్దురుగాని అంది.

నలభై ఒక్క వారాలా అన్నాను. ఇరవై రెండేళ్ళు తప్పుగా విన్నారు, పది నెలలు ఆగలేరా అంది.

*

మొదటి గురువారం మొహం గంటు పెట్టుకుని వెళ్ళాను. రెండో గురువారం కూడా. మూడోసారికి ఆవిడ గ్రామఫోను గరగరమంటుంటే చెవులు నొప్పి పుట్టి, ఇంటికెళ్ళి నూనెబుడ్డి తెచ్చుకున్నాను. నాలుగోసారికి దాని స్ప్రింగు విప్పి కడిగాను. పెద్దమ్మగారు టీ ఇస్తూ, ఈ లక్క సీలు అబ్బాయి పనిమంతుడే అంది. లక్క సంగతి నేనే నోరు జారి చెప్పాను. ఆ రోజు నుంచీ ఆ ఇంట్లో నా పేరు అదే.

వేగం కనిపెట్టే పని ఆవిడ ఎలా చేసేదో చెప్పాలి. రికార్డు పెట్టి, వేగం మర మీద వేలు వేసి, మెల్లిగా అటూ ఇటూ తిప్పేది. నన్ను కళ్ళు మూసుకోమనేది.

ఇప్పుడు ఎన్నేళ్ళుంటాయి ఈయనకి అని అడిగేది.

ఎనభై దగ్గర వెన్నముద్దకి పద్దెనిమిది. డెబ్బై దగ్గర డెబ్బై. మధ్యలో ఎక్కడో ఒకచోట, తలుపు తీసుకుని గదిలోకి నడిచొచ్చినట్టు, నిజం మనిషి వచ్చి నిలబడతాడు. ఊపిరి మన ఊపిరిలా ఉంటుంది. మాటకీ మాటకీ మధ్య పెదాలు తడుపుకునేంత వ్యవధి ఉంటుంది. అక్కడ ఆవిడ పియానో మెట్టు నొక్కి చూసుకునేది. నూటికి తొంభైసార్లు కలిసేది. కలిసినప్పుడు నా వైపు తిరిగి కనుబొమలు ఎగరేసేది. ఆ ఎగరేయడం కోసం నేను కళ్ళు కొంచెం ముందే తెరిచేవాణ్ణి.

ఒక గురువారం ధైర్యం చేసి, మీకెన్నేళ్ళండీ అని అడిగాను.

"ఏ వేగం దగ్గర?" అంది.

పెద్దమ్మగారు వంటగదిలోంచి నవ్విన నవ్వు నాకు బాగా గుర్తు. ఆవిడ నోటి వెంటే తెలిసింది, ఈ మనిషి ఒకసారి పెళ్ళి చేసుకుని, నాలుగేళ్ళు చూసి, కుదరక బయటికొచ్చేసిందని. నాకు అసలు కానే లేదని నేనేమీ చెప్పలేదు. మా బావ తెచ్చిన మూడు సంబంధాల గురించి చెప్పాను. మూడింటికీ ఆయన చెప్పిన సిఫార్సు ఒకటే, సర్దుకుపోవాలని. అందుకే మూడూ వద్దన్నాను.

జిడ్డాయన్ని ఆవిడ ఎంత ఇష్టపడిందో చెప్తే నవ్వుతారు. ఆయన పై స్వరం మీద కూర్చోవడం జిడ్డు కాదట. మొదట గాలి వదిలినంత సన్నగా పట్టుకుని, పెంచి, మళ్ళీ సన్నగా తగ్గించి దింపుతాడు. కొవ్వొత్తి మీదికి పాడినా ఆరదు, అంది. మళ్ళీ విన్నాను. నిజమే. ఇరవై రెండేళ్ళు ఆ మనిషిని ఊరికే తిట్టుకున్నాను. ఏడుపాయన ఏడుపు మాత్రం ఏ వేగం దగ్గరా తగ్గలేదు. కొంతమంది పుట్టుకే అంత అని ఇద్దరం ఒప్పుకున్నాం.

ఒకనాడు వాన. బస్సు దాకా గొడుగు పట్టింది. గొడుగు చిన్నది, రికార్డు తడవకూడదు. అందుకని రికార్డు మధ్యలో, మనుషులు రెండు పక్కలా తడుస్తూ నడిచాం. నా ఎడమ భుజం, ఆవిడ కుడి భుజం. బస్సెక్కాక నా చొక్కా పొడి పక్క చూసి, ఇంత గొడుగు నావైపే పట్టిందా అనుకున్నాను. ఆ ఆలోచనతో నేను దిగాల్సిన చోటు రెండు స్టాపులు దాటిపోయింది.

పద్దెనిమిదో వారానికి నాకు కొత్త దిగులు పట్టుకుంది. పెట్టె తరిగిపోతోంది. ఎప్పుడెప్పుడు అయిపోతుందా అని లెక్కపెట్టినవాణ్ణి, ఇప్పుడు లెక్కపెట్టడానికే భయపడుతున్నాను. ఆఖరి రికార్డు చేతికొచ్చాక ఆ మెట్లెక్కడానికి నాకేం పని? గడియారాలు బాగానే నడుస్తున్నాయని పెద్దమ్మగారు మొదటి రోజే చెప్పేసింది.

అందుకని ఒక ఎత్తు వేశాను. వెన్నముద్దని వెనక్కి పట్టుకెళ్ళి, వేగం కుదరలేదండీ, ఇంకోసారి చూడాలి అన్నాను. ఆవిడ నా మొహం చూసింది. చీటీ చూసింది. సరే, అయితే ఈ వారం ఇదే చూద్దాం, కొత్తది వచ్చేవారం అంది. రెండు వారాలు పోయాక జిడ్డాయన్ని తీసుకెళ్ళాను. ఆ తరవాత ఆవిడే, పోయినవారం ఇచ్చినదాంట్లో పావు చుట్టు తేడా ఉందేమోనని అనుమానంగా ఉంది, తీసుకురండి అంది. పావు చుట్టు తేడా దేవుడికి కూడా తెలియదు. మాట్లాడకుండా తీసుకెళ్ళాను.

"ఈ పెట్టె తరగదేంటే? బావిలా ఊరుతోందా?" అంది పెద్దమ్మగారు.

మేమిద్దరం చెరో గోడ చూశాం.

*

అప్పటికి ఇరవై రెండు నా దగ్గరికి చేరాయి. పందొమ్మిది ఆవిడ దగ్గర ఉన్నాయి. ఒక మంగళవారం మధ్యాహ్నం కొట్టు ముందు రిక్షా ఆగింది. అందులోంచి మా బావ దిగాడు, ఒళ్ళో నా చెక్కపెట్టెతో.

నేను వారం వారం నా సొంత సొమ్ము కోసం మూడంతస్తులు ఎక్కి దిగుతున్నానని అక్క చెప్పిందట. ఆయన మనసు కరిగిందట. చేసిన తప్పు దిద్దుకుందామని తిన్నగా ఆవిడింటికే వెళ్ళాడు.

ఏం చెప్పావు బావా అని అడిగాను.

"ఉన్నమాటే చెప్పాను. మా వాడు మెట్లెక్కలేక చస్తున్నాడు, మొహమాటానికి మీకు చెప్పడం లేదు, మొత్తం ఇచ్చేసి పుణ్యం కట్టుకోండి అన్నాను. పాపం మంచిమనిషి. ఒక్క మాట మాట్లాడకుండా పెట్టె సర్ది ఇచ్చేసింది. మళ్ళీ తేడా రాకుండా కాగితం కూడా రాయించుకున్నాను."

నేను కుర్చీలో కూలబడ్డాను. సంతోషం ఎక్కువైందనుకుని బావ మంచినీళ్ళు తెచ్చాడు. తరవాత నేను అన్న మాటలు ఇక్కడ రాయను. ఇచ్చినందుకూ తిట్టు, తెచ్చినందుకూ తిట్టా అని ఆయన ఇప్పటికీ అడుగుతుంటాడు.

వెంటనే వెళ్ళి చెప్పుకోవచ్చు కదా అంటారు మీరు. అంత తేలిక కాదు. ఒక్క మాట మాట్లాడకుండా ఇచ్చేసిందన్నాడు బావ. నేను పంపానని నమ్మేసిందా? ఒకవేళ నమ్మకపోయినా, వదిలింది పీడ అనుకుందా? వారం వారం వచ్చి టీ తాగిపోయే గడియారాలవాడు ఇక రాడని ఊపిరి పీల్చుకుందా? ఏడో తరగతి చదువు ఇలాంటప్పుడే గుర్తొస్తుంది. కిటికీ కింద నిలబడి పిలవడానికి వయసుండాలి, గొంతుండాలి అనుకున్నాను. నాకు రెండూ లేవు.

గురువారం నాలుగింటికి కొట్లో ఉన్న గడియారాలన్నీ ఒకేసారి మోగాయి. నేను కదల్లేదు. రెండో గురువారం మోగాయి. మూడో గురువారం మోగకుండా పొద్దున్నే అన్నిటి గంటలకీ గుడ్డ చుట్టాను. అయినా టైము తెలుస్తూనే ఉంది.

ఆ ఆదివారం పొద్దున వెదురు ముల్లు చెక్కి, పెళ్ళికొడుకుని బయటికి తీశాను. తొడుగులో చీటీ ఉంది. మిగతా చీటీల మీద అంకె మాత్రమే రాసేది. దీని మీద "డెబ్బై మూడున్నర" అని ఉంది. దాని కింద ఇంకో మాట. "తొందరపెట్టకండి."

స్క్రూడ్రైవరు తీసుకుని మర మీద నేను పోసిన లక్క గీకేశాను. రెండు నిమిషాలకి నూట నలభై ఏడు చుట్లు వచ్చేదాకా సరిచేశాను. ముల్లు ఆనించాను.

వానజల్లు లాంటి ఆ గరగర. నాలుగు పియానో మెట్లు. తరవాత ఆయన.

కుర్రాడు కాడు. పెద్ద ఛాతీ ఉన్న, కాళ్ళ నొప్పులు తెలిసిన మనిషి. గంతులు లేవు. ఒక్కో మాటా బరువు చూసుకుని కింద పెడుతున్నాడు. పై స్వరం రాబోయే ముందు ఇన్నేళ్ళూ నాకు వినబడనిది ఒకటి వినిపించింది. ఊపిరి. కొంచెం వణికే ఊపిరి. అందుతుందో లేదో ఆయనకే తెలియదు. అందకపోతే పరువు పోతుందనీ తెలుసు. అయినా పాడాడు. అందింది, అంచు మీద. అందుకున్నాక ఆయన నవ్వుకున్నాడని నేను ఒట్టేసి చెప్తాను, గొంతులో తెలుస్తుంది. నలభై ఏడో నలభై ఎనిమిదో ఉంటాయి. నా ఈడువాడు. ఎవరి కిటికీ కిందో నిలబడి ఉన్నాడు.

పాట అయిపోయి ముల్లు మధ్యలో నున్నటి చోటికి చేరి తిరుగుతూ ఉండిపోయింది. నేను చెప్పులు వేసుకున్నాను.

*

బయట వాన పడుతోంది. ఆ ఒక్క రికార్డూ చొక్కాలోపల పెట్టుకుని వెళ్ళాను. పెద్దమ్మగారు తలుపు తీసి, ఇవాళ ఆదివారం అంది. తెలుసండీ అన్నాను. గడియారాలవాడికి తెలియక ఇంకెవరికి తెలుస్తుందిలే, లోపలికి రా, వరండా అంతా నీళ్ళు చేస్తున్నావు అని పక్కకి తప్పుకుంది.

ఆవిడ పొట్ట తెరిచిన పియానో ముందు కూర్చుని ఉంది. చేతిలో తీగలు బిగించే తాళంచెవి. వెనక్కి తిరగలేదు.

"ఇంకా ఏం మిగిలాయి? మీ బావగారు కాగితం కూడా రాయించుకున్నారు," అంది.

"ఆయన్ని నేను పంపలేదు."

"మెట్లెక్కలేక చస్తున్నారన్నారు."

"మీ మెట్లు యాభై నాలుగు. ఎక్కేటప్పుడు ఎప్పుడూ లెక్కపెట్టలేదు. దిగేటప్పుడే లెక్కపెట్టాను."

తీగ మీద తాళంచెవి ఆగింది. వంటగదిలో గిన్నెల చప్పుడూ ఆగింది.

"మూడు గురువారాలు," అంది. "ఒక్క మాట వచ్చి చెప్పొచ్చు."

"చెప్పొచ్చు. భయమేసింది." ఆ తరవాతి మాట చెప్పడానికి గోడ చూడలేదు, ఆవిడ వీపే చూశాను. "ఆయన కుర్రాడు కాడండి. పై స్వరానికి ముందు భయపడతాడు. ఊపిరిలో వినిపించింది. మీరు మొదటి రోజు చెప్పిందే నిజం. నాదే తప్పు."

నాదే తప్పు అన్న మాట నా నోటి వెంట రావడం అదే మొదలు. మా అక్కని అడగండి.

ఆవిడ తిరిగి చూసింది. నా జుట్టు నుంచి నీళ్ళు కారి ముక్కు మీదుగా పడుతున్నాయి. రికార్డు మాత్రం చొక్కాలో పొడిగా ఉంది. నవ్వొచ్చి ఆపుకున్నట్టుంది.

"ఈ మాట చెప్పడానికి ఇంత వానలో వచ్చారా?"

"ఈ మాటకే అయితే గురువారం దాకా ఆగేవాణ్ణి."

"మరి?"

"నలభై ఒకటీ తెచ్చేస్తాను. ఇక్కడే ఉండనివ్వండి." ఊపిరి తీసుకున్నాను. వాళ్ళిద్దరికీ వినిపించే ఉంటుంది. "నన్ను కూడా."

ఆవిడ తాళంచెవి తీసి గుడ్డలో చుట్టింది. మళ్ళీ విప్పింది.

"నాకు కోపమొస్తే నెల్లాళ్ళు మాట్లాడను. ఒకసారి పెళ్ళి చేసుకుని చూశాను. సర్దుకుపోవడం నాకు రాదు," అంది.

"నాకూ రాదు. మా ఇంట్లో ఆ పని బావ చూసుకుంటాడు."

అప్పుడు నవ్వింది. ఆపుకోలేదు. పెద్దమ్మగారు తువ్వాలు తెచ్చి నా నెత్తిన పడేసి, పెట్టే కాక మనిషి కూడానా, అయితే ఆ పాడుబడ్డ పియానో బయటికి జరపాలే తల్లీ, ఇన్నాళ్ళకి ఈ ఇంటికి ఒక మంచి వస్తువు వస్తోంది అంది. వస్తువంటే నేనో గ్రామఫోను రికార్డులో ఆవిడ చెప్పలేదు. చెయ్యి మాత్రం నా నెత్తి మీద ఉంచి తువ్వాలుతో గట్టిగా తుడిచింది.

"ఏదీ, పెట్టండి. కలిసి విందాం," అంది ఆవిడ. అని, నా జేబు వైపు చూసి, "ఆ స్టాప్‌వాచీ కూడా తీయండి. తీయకపోతే మీకు తోచదు," అంది.

తీశాను. నొక్కాను. ఆయన పాడుతున్నంతసేపూ ఆవిడ కళ్ళు మూసుకోలేదు. నేనూ మూసుకోలేదు.

రిజిస్ట్రారు ఆఫీసులో సాక్షి సంతకం మా బావే చేశాడు. ఈ పెళ్ళి తనే కుదిర్చానని, తను ఆ పెట్టె ఇచ్చి ఉండకపోతే, మళ్ళీ తెచ్చి ఉండకపోతే మా బతుకులంతేనని కనపడినవాళ్ళందరికీ చెప్పుకుంటాడు. నేను ఒప్పుకోను. అన్యాయం అన్యాయమే.

ఆయన సంగతి అలా ఉంచి, నాకు నేను చేసుకున్న నష్టం కూడా ఒకటుంది, అది ఆ ఆదివారం స్టాప్‌వాచీ మీద తేలింది. ఆ పాట డెబ్బై ఎనిమిది చుట్ల దగ్గర మూడు నిమిషాల ముప్పై ఎనిమిది సెకన్లు. ఆయన నిజంగా పాడింది మూడు నిమిషాల యాభై ఒక్క సెకన్లు. అంటే వారానికి పదమూడు సెకన్లు. ఇరవై రెండేళ్ళలో ఆదివారాలు వెయ్యీ నూట నలభై ఎనిమిది. మొత్తం కలిపి నేను పోగొట్టుకున్నది నాలుగు గంటల ఎనిమిది నిమిషాల నలభై నాలుగు సెకన్లు.